వేలు పెట్టని పిండిముద్ద

మా ఆయన మొగులప్ప తాండూరు పప్పుమిల్లుల మోటార్లు బాగుచేస్తడు. ఎక్కడ పాడైన సామాను కనబడ్డా ఇంటికి మోసుకొస్తడు. ఒక యేడు పట్నంల పాత సామాన్ల బజారు నుంచి పిండి పిసికే మిషన్ తెచ్చిండు. ఏదో దొరలింట్ల వాడి పారేసిందట.

"నీ చెయ్యి విరిగినప్పటిసంది రొట్టెలు చేసుడు కష్టమైతుంది గదనే," అన్నడు. తిట్టడానికి నోరు తెరిచినదాన్ని, లేసి మిషన్‌కు జాగ చేసిన.

దీపాలు పెట్టే యాళ్ల. బయట ముసురు. ఆయన వంటింట్ల గోనెసంచి పరిచి మిషన్ విప్పిండు. దాని మోటారుల అరిగిన కార్బన్ ముక్క తీసేసి, మిల్లు మోటారుది సైజుకు అరగదీసి పెట్టిండు. నడిమింట్ల తొట్టెలల మా చిన్నది పాలకు గుక్కపెట్టి ఏడుస్తుంది. ఇంకా పళ్లు రాని పిల్ల. పాలియ్యనీకి నేను లేసిన.

"జర ఆగు, ఒక్కసారి తిప్పి చూద్దాం," అన్నడు.

గోదుమపిండి, నీళ్లు పోసిన. మిషన్ గుర్రుమని తిరిగింది. ముద్ద తీసి పళ్లెంల పెడితే నున్నగ, గుండ్రంగ ఉంది. ఒక్క వేలిముద్ర లేదు.

మా ఇండ్లల్ల పిసికిన ముద్ద మీద నాలుగు వేళ్లు నొక్కాలె. నొక్కకుంటే అది సచ్చినోళ్లకు పెట్టిన పిండమైతది. ఆ నొక్కుడు మా పెద్దబిడ్డ భాగి పని ఉండె. నాలుగేండ్లది, అంతకు ముందటేడు జరమొచ్చి పోయింది. చిన్నపిల్లలకు కర్మలు ఉండవని పూడ్చిపెట్టి వచ్చిండ్రు. పిడికెడు మెతుకులు గూడ పెట్టనియ్యలే. నా కడుపు ఇప్పటికీ మండుతది.

నేను నొక్కుదామని చెయ్యి చాపిన.

"ముట్టకే! గిట్లనే మా అమ్మకు చూపిస్త," అని మా ఆయన పక్కింట్ల ఉన్న అత్తను పిలుచుకరావడానికి వానలనే ఉరికిండు.

కరెంటు పోయింది.

చీకట్ల అగ్గిపెట్టె కోసం గూడు తడుముతున్న. తడిమట్టి వాసన... యాపాకు వాసన. జరమొచ్చినప్పుడు భాగి పక్కల పరిచిన యాపాకు.

గుర్రు... గుర్రు...

మిషన్ తిరుగుతుంది.

"అవ్వా... నేను నొక్కుతనే."

నా పానం లేచొచ్చినట్టయింది. అబద్ధమెందుకు, భయం గాదు, సంబురమే అయింది. "భాగీ... నువ్వేనా బిడ్డా?"

మిషన్ ఆగింది. అగ్గిపుల్ల గీసి బుడ్డిదీపం ముట్టిచ్చిన. ముద్ద మీద నాలుగు చిన్న వేళ్ల గుంటలు. పక్కన ఒక తుంట తెంపుకున్న జాగ.

అప్పుడు తెలిసింది... చిన్నది ఏడుస్తలేదు.

ఉరికిన. తొట్టెల ఊగుతుంది. బిడ్డ మూతి నిండ పచ్చిపిండి. వేలు పెట్టి నోట్ల నుంచి తీసిన. "వద్దే భాగీ, చెల్లెకు పెట్టకే... నువ్వు నొక్కినా అది నీ పిండమే!" అని ఏడుస్తనే రొమ్ము నోటికిచ్చిన.

చిన్నది మూతి తిప్పుకుంది.

ఎనక, చీకటి వంటింట్ల, మిషన్ మళ్ల తిరగవట్టింది. చిన్నది నా భుజం మీదికెల్లి అటు చూసి, ఇంకో ముద్దకు నోరు తెరిచింది.