రియాక్టర్ హాల్లో పెన్ను

బావ శవాన్ని గుర్తుపట్టి వచ్చిన గంటకే ఏజెంట్‌కి అసైన్‌మెంట్ పడింది.

“విదేశంలో అణు విద్యుత్ కేంద్రం కట్టే టెండర్‌కి పార్ట్‌నర్‌ని మన అణు ప్లాంట్ వాళ్లు ఇవాళే ఎంచుకుంటున్నారు,” అన్నాడు చీఫ్. “రెండు కంపెనీలు మిగిలాయి. అందులో ఒకటి గూఢచారి ముఠాది. మన రియాక్టర్ డిజైన్లు వాళ్ల చేతిలో పడితే ఇక అంతే. ఏది దొంగదో ఆ ప్లాంట్లోనే ఇంజనీరైన మీ బావ కనిపెట్టాడు. చెప్పేలోపే లేపేశారు. పైగా లంచం తిన్నాడని పుకారు.”

“నిజమేనా అని అక్క అడిగింది, సార్.”

“ఏం చెప్పావు?”

“కనుక్కుంటానన్నాను.”

ఏడుపు రాలేదు. పళ్ల డాక్టర్ ఇంజెక్షన్ ఇచ్చిన దవడలా ఒళ్లంతా మొద్దుబారిపోయింది.

ఫొటోగ్రాఫర్ వేషం. చొక్కా గుండీలో ఇంకో కెమెరా. ప్లాంట్ గేటు దగ్గర దుబాసీ ఎదురైంది. చూపు తిప్పుకోలేని అందం, రెండు వైపులా జీతం.

“గొడుగు తెచ్చారా?” కోడ్ అడిగాడు.

“చిల్లులది తెచ్చాను.” దగ్గరికి జరిగింది. “దొంగ కంపెనీ మొదటిది. రెండోది కడిగిన ముత్యం.”

నమ్మడానికీ అనుమానించడానికీ కూడా అతనికి ఓపిక లేదు.

రెండు బృందాలూ తెల్ల కోట్లు, గ్లౌజులు వేసుకుని రియాక్టర్ హాల్లోకి వెళ్లాయి. రెండో కంపెనీ చీఫ్ ఇంజనీరు రియాక్టర్ల మధ్యే ముసలివాణ్నయ్యానని గొప్పలు పోతున్నాడు. గ్లౌజు సరిచేసుకోవడానికి చేతిలో పెన్ను పళ్ల మధ్య పెట్టుకున్నాడు. ఏజెంట్ గుండీ నొక్కాడు.

బావ ఇంట్లో కూడా పెన్ను నోట్లో పెట్టనిచ్చేవాడు కాదు. పెడితే నెత్తిన మొట్టికాయ. “రియాక్టర్ దగ్గరి రేడియేషన్ దుమ్ము కడుపులోకి పోతే ఎవడు కడుగుతాడురా?” అనేవాడు.

బోర్డ్‌రూమ్‌లో ఛైర్మన్ రెండో కంపెనీ ఒప్పందం మీద సంతకం పెట్టబోయాడు.

“ఆగండి సార్.”

ఏజెంట్ ఫొటో చూపించాడు. ప్లాంట్ సేఫ్టీ ఆఫీసర్ మొహం పాలిపోయింది. “ట్రైనీ కూడా ఈ పని చెయ్యడు. ఈయన ఇంజనీరే కాదు.”

దొంగ ఇంజనీరు కోటులోకి చెయ్యి పోనిచ్చాడు. ఏజెంట్ ఆ మణికట్టు మెలిపెట్టాడు. పిస్టల్ కింద పడింది. దుబాసీ మెల్లగా తలుపు దాకా వెళ్లింది. అక్కడ చీఫ్ నిలబడి ఉన్నాడు.

“గొడుగు మర్చిపోయావమ్మా,” అన్నాడు.

ఏజెంట్ ఆమెని ఒకటే అడిగాడు. “మా బావ డబ్బు తీసుకున్నాడా?”

“ఇస్తే నా మొహాన కొట్టాడు.”

అక్కకి ఫోన్ చేసి ఆ మాటే చెప్పాడు. తర్వాత రిపోర్టు రాస్తూ, ఆలోచనలో పడి, పెన్ను నోట్లో పెట్టుకున్నాడు. అలవాటుగా తల పక్కకి వంచాడు.

మొట్టికాయ పడలేదు. ఏడుపు అప్పుడొచ్చింది.