ముక్కు దూలంలో మిసైల్ రహస్యం

శవానికి ముక్కు లేదు.

"కోసుకుపోయారు," అన్నాడు చీఫ్ నమ్‌గూంగ్, ఫొటోను బల్ల మీదికి తోస్తూ. "ఇక్కడ, మన సియోల్‌లోనే ముక్కు ఆపరేషన్ చేయించుకుంది. సరదాగా విదేశం వెళ్లింది. హోటల్ బాత్‌రూమ్‌లో ఇలా దొరికింది."

ఏజెంట్ పాంగ్ తేసూ ఫొటోను బోర్లా తిప్పేశాడు.

"ముక్కులో పెట్టిన సిలికాన్ లోపల మైక్రోచిప్. మన మిసైల్ డిజైన్‌లో సగం అందులో ఉంది. ముక్కుకి ప్లాస్టర్ వేసుకున్న పిల్లని మన ఎయిర్‌పోర్టులో ఎవడు రెండోసారి చూస్తాడు? విమానం దిగాక ముఠా వాళ్లు చీల్చి తీసుకుంటారు."

"ఆడపిల్లల మొహాలని కవర్లలా వాడుతున్నారా? థూ!"

"ఉమ్మడం తర్వాత. మిగతా సగం ఓక్ సెరిన్ ముక్కులో ఉంది. అప్‌గుజంగ్ వీధిలోని ముక్కు ఆపరేషన్ల క్లినిక్‌లో మేనేజర్. ముఠా మనిషే, కానీ మనవైపు తిరిగింది. తనకి బలవంతంగా పెట్టారట. క్షేమంగా తీసుకురా. కోడ్ గుమ్మడి రసం."

నెరిసిన విగ్గు, ఖరీదైన సూటు, చొక్కా గుండీలో ట్రాన్స్‌మిటర్. తేసూ పేషెంటు వేషంలో క్లినిక్‌లో కూర్చున్నాడు. కాలేజీ ఎంట్రన్స్ పరీక్షలు అయిపోయిన సీజన్. తల్లులు కూతుళ్లను వెంటేసుకుని సంతకొచ్చినట్టు వచ్చారు. గోడల నిండా ముక్కుల ఫొటోలు, అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉన్నాయి.

పక్క సోఫాలో ఒక పిల్ల ఆపరేషన్ గౌనులో గోళ్లు కొరుక్కుంటోంది.

"కొరక్కే దాన్‌బీ!" కసిరింది తల్లి. "మీ నాన్న ముక్కు పట్టుకుని కాలేజీకి పోతావా? వచ్చే వారం విమానం ఎక్కేసరికి వాపు తగ్గాలి."

"నా ముక్కు నాకు బాగానే ఉందమ్మా."

"నీకు బాగుంటే సరిపోయిందా? చూసేవాళ్లకి ఉండొద్దూ?"

నర్సు వచ్చి పిల్లని లోపలికి తీసుకుపోయింది.

ఘుమఘుమలాడే సెంటుతో సెరిన్ వచ్చింది. అందరి తలలూ అటు తిరిగాయి.

"వాపుకి గుమ్మడి రసం తాగారా?"

"తాగాను. చక్కెర లేకుండా."

"మీ ముక్కు కొన మరీ కిందికి జారింది సార్. దేశభక్తి బరువేమో! పదండి, వెనక లిఫ్టులో పోదాం. తొందరగా."

లిఫ్టు తలుపులు మూసుకున్నాయి. ఆ సెంటు ఘాటుకి సెరిన్‌కే తుమ్మొచ్చింది. అరచేత్తో ముక్కును కింది నుంచి పైకి రుద్దుకుంది.

తేసూ ఉలిక్కిపడ్డాడు. వేలు చాచి ఆమె ముక్కు కొనను పైకి నొక్కాడు. అది పందిపిల్ల ముక్కులా మెత్తగా మడత పడింది.

ఎవరి ముక్కు సొంతమో, ఎవరిది చేయించుకున్నదో తేల్చడానికి ఈ ఊళ్లో స్కూలు పిల్లలు చేసే పరీక్ష అదే. దూలంలో సిలికాన్ దూర్చి, కొనలో చెవి నుంచి తీసిన మెత్తటి ఎముక కుట్టిన ముక్కు నొక్కితే అలా వంగదు.

"ఏంటా మొరటు పని?" అరిచింది సెరిన్.

"నీ ముక్కులో చీమిడి తప్ప ఏమీ లేదు. ఈ వీధిలో చేయించుకున్న ప్రతివాళ్లూ దేవుడిచ్చిందే అంటారు. దేవుడిచ్చిన ముక్కుని చేయించుకున్నానన్న మొదటి మనిషివి నువ్వే!"

ఆమె లిప్‌స్టిక్ మూత తీసింది. లోపల విషపు సూది. తేసూ ఆమె మణికట్టు మెలిపెట్టి, సూది జారగానే సంకెళ్లతో ఆమెను లిఫ్టు కడ్డీకి తగిలించాడు.

"నిన్ను ఎరగా వేసి మమ్మల్ని పక్కదారి పట్టించారన్నమాట. చిప్ ఎవరికి పెడుతున్నారు?"

సెరిన్ నవ్వింది. "ఇందాక గోళ్లు కొరికిందే, ఆ మొద్దు మొహానికి. ఈపాటికి కోసేసుంటారు."

"ఛీ! నువ్వూ ఒక ఆడదానివేనా?"

లిఫ్టు ఆగగానే, చొక్కా గుండీ నొక్కి మనుషుల్ని పిలుస్తూనే తేసూ మెట్లెక్కి పరిగెత్తాడు. పిల్లకి ఆ సిలికాన్ పెట్టి కుట్టేస్తే, ఎప్పుడో ఒకప్పుడు ఎవడో ఒకడు కత్తితో వెతుక్కుంటూ వస్తాడు.

ఆపరేషన్ థియేటర్ తలుపు తన్నాడు. దాన్‌బీ మత్తులో ఉంది. ముక్కు మీద ఊదారంగు గీతలు. పక్కన ట్రేలో తెల్లటి సిలికాన్ ముక్క, దాని మధ్య నువ్వుగింజంత నల్లటి చుక్క. డాక్టర్ ప్యో కత్తి మొన చర్మానికి తగిలి ఒక్క రక్తపు బొట్టు పైకి ఉబికింది.

"ఇంకొక్క వెంట్రుకవాసి కదిలితే," తేసూ పిస్తోలు అతని చెవికి ఆనించాడు, "నీకు అతుక్కోడానికి చెవి కూడా మిగలదు."

కత్తి కింద పడింది.

సాయంత్రానికి క్లినిక్‌కి సీలు పడింది. దాన్‌బీకి తెలివొచ్చింది. రెండు చేతులతో ముక్కు తడుముకుని, ఉన్నది ఉన్నట్టే ఉందని తెలిసి భోరుమంది. పిల్ల తల్లికి తేసూ జరిగిందంతా చెప్పి, ముక్కు లేని ఆ శవం ఫొటో కూడా చూపించాడు. ఆవిడ నోరు నొక్కుకుని కూలబడింది. దేవుడిలా వచ్చావని అతని చేతులు పట్టుకుని ఏడ్చింది.

తర్వాత కళ్లు తుడుచుకుని, కూతురికి వినపడకుండా గొంతు తగ్గించింది.

"ఆ డాక్టరు దుర్మార్గుడే, కాదనను బాబూ. కానీ అతని చెయ్యి మంచిదని అందరూ అంటారు. జైలు నుంచి ఎప్పుడొస్తాడు?"