దండ కింద పగులు

"ఈ పగులు నా వల్ల రాలేదండీ."

"మరి దానంతటదే వచ్చిందా సర్?"

నాచారంలో కార్లను అద్దెకిచ్చే ఒక యార్డు కౌంటర్ వద్ద ఆ సంభాషణ ఈ విధంగా ఆరంభమైంది. నిలబడి వాదిస్తున్న తేజేష్ ఉప్పల్ నివాసి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. కూర్చుని సమాధానమిస్తున్న దీప మల్లాపూర్ అమ్మాయి. కార్లను అప్పగించడం, తిరిగి వచ్చినవాటిని తనిఖీ చేయడం ఆమె బాధ్యత.

దసరా నాడు తేజేష్ తన తల్లి త్రిపురసుందరిని ఇక్కడ అద్దెకు తీసుకున్న కారులో విజయవాడ అమ్మవారి దర్శనానికి తీసుకువెళ్ళి, కారును క్షేమంగా తెచ్చి అప్పగించాడు. మర్నాడు మెసేజ్ వచ్చింది: ముందు బంపర్ పగిలింది, డిపాజిట్టు తిరిగి ఇవ్వబడదు.

దీప మానిటర్‌ను అతని వైపు తిప్పింది. "ఇచ్చినప్పటి ఫొటోలు. సూడుండ్రి."

"ఇందులో బంపర్ ఎక్కడుందండీ? ఈ చివరి నుండి ఆ చివరి దాకా బంతిపూల దండే ఉంది."

"ఆయుధపూజ జేసినం సర్. పండుగ నాడు బండిని బోడిగ ఇస్తమా?"

"దండ తీసి చూపించాలి కదా!"

"తియ్యబోతే మీ అమ్మనే ఆపింది! పూజ చేసిన దండ, చెయ్యి పెట్టొద్దమ్మా అన్నది. మీరు పక్కన నిలబడి నవ్విన్రు గూడ."

నవ్విన మాట నిజమే. అయితే తల్లి మాటకు కాదు. దండ వైపు చాచిన చేతిని చటుక్కున వెనక్కి తీసుకుని, నాలుక కరుచుకున్న ఆ అమ్మాయిని చూసి. ఆ విషయాన్ని ఇప్పుడు వాదనలో ఏ విధంగా ప్రవేశపెట్టగలడు?

"అంటే నేను అబద్ధం చెబుతున్నాననే కదా మీ ఉద్దేశం?"

"అందరు గిట్లనే చెప్తరు సర్."

డిపాజిట్టు పోతే సహించగలడు. ఆమె దృష్టిలో ఆ 'అందరి'లో ఒకడుగా మిగిలిపోవడం మాత్రం అతనికి సహింపరానిదైంది. ఆఫీసులో కోడ్ రాస్తున్నా, ఇంట్లో అన్నం కలుపుతున్నా ఆ ఒక్క మాటే చెవిలో తిరిగింది. మర్నాటి సాయంత్రం అతని బైకు హబ్సిగూడ మలుపు తిరిగి మళ్ళీ నాచారం చేరింది. ఆ మర్నాడూ అంతే.

"మళ్ళా వచ్చిన్రా?"

"మీ యజమానితో మాట్లాడాలి."

"మహిపాలన్న లేడు."

"అయితే కూర్చుంటాను."

"గా కుర్చీ కాలు ఇరిగింది. కూసుంటే దానికి గూడ చార్జి పడ్తది."

అతడు నిలబడ్డాడు. బయట వాన అందుకుంది. కాసేపటికి దీప ఒక టీ గ్లాసును అతని వైపు జరిపింది. "చాయ్‌కి చార్జి లేదు."

"ముందుగా ఒక ఫొటో తీసుకుంటాను. గ్లాసుకు ఇదివరకే పగులు ఉందేమో!"

ఆమె నవ్వింది. వెంటనే నవ్వినందుకు తన మీద తానే కోపగించుకుని, రేకుల షెడ్డు వైపు లేచి వెళ్ళింది. అబద్ధాలాడే మనిషి వానలో తడుస్తూ రోజూ ఎందుకు వస్తాడు? ఈ ప్రశ్న ఆమెను కూడా నిలకడగా ఉండనివ్వడం లేదు.

మరమ్మతుకు పంపవలసిన కారు షెడ్డులోనే ఉంది. దీప మోకాళ్ళ మీద కూర్చుని, బంపర్ మీద వేలాడుతున్న ఎండుపూలను మొదటిసారిగా పూర్తిగా పక్కకు తప్పించింది. అంతవరకు వాటి సందుల్లోంచి పగులు చివర మాత్రమే కనిపించింది.

"ఓ సర్! జల్ది రాండ్రి!"

తేజేష్ పరుగెత్తుకు వచ్చాడు. అతని వెనుకనే, అప్పుడే బండి దిగిన మహిపాల్ కూడా వచ్చాడు.

"అన్నా, ఈ బొట్టు పెట్టింది నువ్వే గదా?"

"నేనే. హనుమాన్ సిందూరం, నూనెల కలిపిన. నెలైనా పోదు. ఏమైంది?"

"పగులు తర్వాత పడితే బొట్టు రెండు ముక్కలు గావాలె. సూడు, సిందూరం పగుల్లకు దిగి గట్టిగైంది. పూజ నాటికే ఇది పగిలున్నదన్నా."

మహిపాల్ ముఖం ఎర్రబడింది. "నువ్వు కస్టమర్ దిక్కా, నా దిక్కా? గా పైసలు నీ జీతంల కొయ్యాల్నా?"

"వద్దండీ, నేనే ఇచ్చేస్తాను," అన్నాడు తేజేష్ కంగారుగా.

"మీరు జర ఊకోండ్రి!" దీప బంపర్ పక్కనుండి కదలలేదు. "అన్నా, దేవున్ని తలుసుకొని పెట్టిన బొట్టు. దాని మీద చెయ్యి పెట్టి చెప్పు, ఈయననే పగలగొట్టిండని. ఇంక నేను మాట్లాడ."

మహిపాల్ చెయ్యి చాచాడు. అది బొట్టుకు కొద్ది దూరంలోనే ఆగిపోయింది. ఆ వేళ్ళను కళ్ళకద్దుకుని వెనుదిరిగాడు.

"డిపాజిట్ వాపస్ కొట్టు," అని మాత్రం అన్నాడు.

దీప తేజేష్ వైపు తిరిగింది. "అందరు గిట్లనే చెప్తరన్న గదా... మీరు గాదు."

డిపాజిట్టు ఆ క్షణమే తిరిగి వచ్చింది. దానితో నాచారం వెళ్ళడానికి సాకు పోయింది. గెలిచినవాడు ఇంత అశాంతిగా ఉండడం త్రిపురసుందరికి వింతగా తోచింది. వారం తిరగకముందే అతడు మళ్ళీ కారు బుక్ చేశాడు.

"ఘట్‌కేసర్‌లో పిన్నిని చూసి వద్దామమ్మా."

"ఘట్‌కేసర్‌కు రైలుందిరా."

"కారైతే సౌకర్యం."

"ఎవరికి?" అంటూనే ఆమె బయలుదేరింది.

అది శుక్రవారం, బంపర్ మీద మళ్ళీ దండ ఉంది. దీప చేతులు కట్టుకుని నిలబడింది. ఈసారి త్రిపురసుందరి తానే వంగి దండను పైకెత్తింది. "కింద కూడా వీడియో తియ్యమ్మా. లేకపోతే వీడు మళ్ళీ రోజూ నీ చుట్టూ తిరుగుతాడు." దీప తల దించుకోవడం గమనించి, దండను సవరిస్తూ మెల్లగా అంది, "తిరిగినా నాకేమీ అభ్యంతరం లేదనుకో."

ఉప్పల్ సిగ్నల్ దాటిన పిమ్మట, తేజేష్ ఫోనుకు చేరిన వీడియోను త్రిపురసుందరి తెరిచి చూసింది.

"ఒరేయ్, ఇందులో బంపర్ కాసేపే ఉంది. మిగిలినదంతా నువ్వే."

తేజేష్ కారును పక్కకు ఆపి ఫోన్ చేశాడు. "దీప గారూ, వీడియోలో కారు సరిగా రాలేదండీ. రేపు గీత పడిందని చార్జి వేస్తే నేనేం చూపించాలి?"



"బండికి గీత పడితే అన్న సూస్కుంటడు," అంది దీప. "నాకు మంచిగ తిరిగి రావాల్సింది బండి గాదు. జర పైలంగ రాండ్రి."