ముప్ఫై లెక్కపెట్టేలోగా

"ఇరవై ఏడు... ఇరవై ఎనిమిది... ఇరవై తొమ్మిది..."

ఎర్నమ్మ పైకే లెక్కపెడుతోంది. ఆమె పెరట్లో పెట్టిన డబ్బాలోంచి తెల్లటి పొగ నిటారుగా లేస్తోంది. నెత్తిమీదుగా పోయిన విమానం అవతల రన్‌వే మీద ఎప్పుడో దిగిపోయింది. పక్కన ఆమె చెల్లెలు డాక్టర్ వరహాలమ్మ చేతిలో ట్యాబ్లెట్ పట్టుకుని, ఊపిరి బిగబట్టి, పొగవైపే చూస్తోంది.

"ముప్ఫై."

పొగ కదల్లేదు. ముప్ఫై అయిదు అయింది, నలభై అయింది. దేవుడి ముందు వెలిగించిన అగరొత్తి పొగలా అది తిన్నగా పైకి పోతూనే ఉంది.

"గాలి రాలేదేటే?" అంది ఎర్నమ్మ.

"రాదక్కా. ఈ విమానానికి ఇంక రాదు."

ఎర్నమ్మ చెల్లెలి మొహంలోకి చూసింది. ఆ తర్వాత తన ఇంటికప్పు వైపు చూసింది. పెంకులు ఎగిరిపోకుండా వాటిమీద వరసగా పెట్టిన రాళ్లు ఎండలో మెరుస్తున్నాయి. చూసి చూసి, అక్కడే నేలమీద కూలబడి భోరుమని ఏడ్చింది. పన్నెండేళ్ల కిందట అదే కప్పు మీంచి విమానం గాలికి లేచిన పెంకు ఒకటి, అదే పెరట్లో ఆడుకుంటున్న ఆమె కూతురు నూకాలు తలమీద పడింది. అప్పటికి పిల్లకు ఆరేళ్లు. ఆ రోజు పిన్నమ్మ వరహాలు ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో ఉంది. అక్క కాళ్లు పట్టుకుని, "ఈ గాలిని ఆపుతానక్కా" అంది. పిల్ల పోయిన ఇంట్లో ఎవరైనా ఏదో ఒకటి అంటారు. వరహాలమ్మ అన్నమాట పట్టుకుని కూర్చుంది.

ఇంతకీ ఆ గాలి ఏమిటో చెప్పాలి. విమానం రెక్క కింద గాలి ఒత్తిడి ఎక్కువ, పైన తక్కువ. ఆ తేడాయే విమానాన్ని మోస్తుంది. కానీ కింద ఉన్న గాలి ఊరుకుంటుందా? రెక్క కొస దగ్గర సందు దొరగ్గానే పైకి ఎగబాకుతుంది. ఎగబాకుతూ సుడి తిరుగుతుంది. ప్రతి విమానం వెనకా ఇలాంటి సుడిగాలులు రెండు, కంటికి కనపడకుండా, మెల్లగా నేలకు దిగుతుంటాయి. వాటిని తిప్పే శక్తంతా ఇంజన్లు తాగే ఇంధనంలోంచే పోతుంది. అంటే ఎవరికీ పనికిరాని సుడిగాలిని తయారుచెయ్యడానికి లోకమంతా ఏళ్ల తరబడి కిరసనాయిలు తగలేస్తోందన్నమాట. రెక్క కొసని పైకి వంచి వింగ్‌లెట్ పెడితే సుడి కొంత తగ్గుతుందని పాతవాళ్లు కనిపెట్టారు. తగ్గింది గాని పోలేదు.

వరహాలమ్మ గద్దని చూసింది. గద్ద రెక్క చివర ఈకలు చేతివేళ్లలా విడివిడిగా ఉంటాయి, గాలిని బట్టి ఒక్కొక్కటీ విడిగా వంగుతుంది. ఆమె వింగ్‌లెట్ తీసేసి ఆ చోట అయిదు కార్బన్ వేళ్లు పెట్టింది. వాటి చర్మం నిండా సెన్సర్లు. సెకనుకు వెయ్యిసార్లు గాలిని తడిమి చూసుకుని, పెద్ద సుడి కట్టకముందే దాన్ని అయిదు ముక్కలు చేసి, ఒకదానితో ఒకటి కొట్టుకుని చచ్చేలా అవి కదులుతాయి. పేరు 'గద్దవేలు'. విమానానికి ఇంధనం నూటికి తొమ్మిదివంతులు మిగిలింది. విమానాల కంపెనీలకు కావలసింది ఆ తొమ్మిది. వరహాలమ్మకు కావలసింది లోవపేటలో అక్క ఇంటి పెంకు కదలకపోవడం.

ఆ సాయంత్రం ఎర్నమ్మ మొగుడు గవరయ్య నిచ్చెనెక్కి కప్పు మీది రాళ్లన్నీ కిందికి దించాడు. మరదలు వద్దంటున్నా వినలేదు. "ఇంకా పాత విమానాలు తిరుగుతున్నాయి బావా, కొన్నాళ్లు ఉంచు" అంటే, "నువ్వు ఆపుతానన్నావు, ఆపీసావు. రాళ్లతో ఇంకేటి పని?" అని, వాటితో పెరట్లో బట్టలు ఉతుక్కునే చప్టా కట్టేశాడు.

లోవపేట నిజంగా లోవలోనే ఉంటుంది. ఒకపక్క కొండ, ఒకపక్క రైలుకట్ట, మధ్యలో పళ్లెం అడుగులా మూడొందల గడప. మామూలు గాలి అక్కడికి రాదు, కొండ రానివ్వదు. వచ్చేదల్లా విమానం గాలే. విమానం పొట్ట నెత్తిమీదుగా పోగానే పిల్లాపెద్దా అలవాటుగా లెక్క మొదలుపెడతారు. ముప్ఫై దగ్గర ఈల వేసుకుంటూ గాలి దిగుతుంది. ఆడవాళ్లు చేటల్లో ధాన్యం పట్టుకుని సిద్ధంగా ఉండి, ఆ గాలికే తూర్పారబట్టుకుంటారు. ఉక్కపోస్తే ముసలాళ్లు విమానం కోసం ఎదురుచూస్తారు. పెంకులు లేపే గాలినే ఇంత మచ్చిక చేసుకున్న జనం ఇంకెక్కడా ఉండరు.

ఇంకొక సంగతి ఉంది. కొండ మొదట్లో బ్లీచింగ్ పౌడర్ ఫ్యాక్టరీ ఒకటి ఉంది. కొన్ని రోజులు తెల్లారుజామున అక్కణ్నించి ఘాటైన వాసన దిగేది, కళ్లు మండేవి. క్లోరిన్ మామూలు గాలికంటే బరువు. నీళ్లలాగే పల్లం వెతుక్కుంటుంది. లోవపేటవాళ్లు దానికి కంగారుపడేవాళ్లు కాదు. తడిగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకుని అరుగుల మీద కూర్చునేవాళ్లు. "ఇమానం వత్తాది, ఊడ్సుకుపోద్ది" అనేవాళ్లు. విమానం వచ్చేది. ముప్ఫై లెక్కపెట్టేవాళ్లు. గాలి దిగి, ఆ విషాన్ని కొండ మీదుగా ఎత్తి అవతల పారేసేది. పధ్నాలుగేళ్లుగా అలాగే నడిచింది. అందుకే ఎవరూ ఎవరికీ ఫిర్యాదు చెయ్యలేదు.

ఒక్కడు చెప్పాడు. ఇళ్ల కప్పులకు పెంకులు నేసే దాలినాయుడు అనే ముసలాయన. పరీక్షలు జరుగుతున్న రోజుల్లో వరహాలమ్మ తొంభై కప్పుల మీద గాలివేగం కొలిచే సెన్సర్లు పెట్టించింది. వాటిని బిగించినవాడు ఆయనే.

"అమ్మా, నీ కొత్త ఇమానం ఎల్తే ఆ కంపు ఎల్లట్లేదమ్మా" అన్నాడు ఒకరోజు. "పాతది వచ్చీదాకా ముక్కు మూసుకుని కూకోవలసొత్తంది."

"అది ఫ్యాక్టరీవాళ్లకు చెప్పాలి తాతా. నేను చూసేది గాలి వేగం ఒక్కటే."

"గాలి గురించే కదమ్మా నానూ సెప్తన్నాది."

వరహాలమ్మ నవ్వింది. పెద్దాయన మాట తీసెయ్యకూడదని నోట్‌బుక్ తీసి రాసుకుంది కూడా: 'వాసన గురించి ఒకరి ఫిర్యాదు. పరీక్షకు సంబంధం లేదు.'

మూడేళ్లలో దేశంలో ఎగిరే ప్రతి విమానానికీ గద్దవేళ్లు వచ్చాయి. సుడి లేదు కాబట్టి విమానానికీ విమానానికీ మధ్య దూరం పాటించే అవసరం కూడా పోయింది. అంతకుముందు మూడు నిమిషాలకొకటి దిగేది, ఇప్పుడు నిమిషానికొకటి. వాటిలో పాతవి పదికొకటి, ఇరవైకొకటి అయ్యాయి. డిసెంబరు ముప్ఫై ఒకటిన ఆ ఎయిర్‌పోర్టులో చివరి పాత విమానానికి దండవేసి, ఫొటోలు తీసి, షెడ్డులో పెట్టేశారు. మర్నాడు పేపర్లో వచ్చింది. లోవపేటలో ఆ వార్త చదివినవాళ్లు తక్కువ. ఎర్నమ్మకు మాత్రం చెల్లెలు ఫోన్ చేసి మరీ చెప్పింది.

జనవరి నాలుగు. నగరంలోని పెద్ద హోటల్లో వరహాలమ్మకు సన్మానం. ఉదయం పదింటికి ఆమె కొత్త పట్టుచీర కట్టుకుని వేదిక పక్కన నిలబడి ఉంది. పరిశోధన సంస్థ డైరెక్టర్ సేనాపతిగారు మైకులో ఆమెను ఆకాశానికెత్తుతున్నారు. ఫోన్ మోగింది. అక్క.

"ఒలే వరహాలూ." గొంతు గీసుకుపోయి, గుర్తుపట్టడానికి లేదు. "మీ బావ అరుగు మీద కూకున్నాడే. కట్టమీంచి ఎంత అరిసినా లెగట్లేదు."

ఆమె పట్టుచీరతోనే వెళ్లింది. రైలుకట్ట మీద పోలీసులు ఆపేశారు. ఆస్పత్రి వరండాలో అక్క దొరికింది. కళ్లు రెండూ ఎర్రగా వాచిపోయి, మొహాన ఆక్సిజన్ గొట్టం. అది పక్కకు లాగి లాగి చెప్పింది.

"ఇయ్యాల పొద్దెక్కేక, తొమ్మిదింటికి కంపొచ్చింది. ఎప్పుడూ వచ్చీదే అనుకున్నారు అందరూ. అరుగుల మీద కూకున్నారు. ఇమానం ఎల్లింది. మీ బావ లెక్కెట్టాడు. ముప్ఫై అయిపోనాది, గాలి నేదు. 'ఇది కొత్తదిలే, ఎనకాల పాతదొత్తాది' అన్నాడు. ఇంకోటొచ్చింది. మళ్లీ లెక్కెట్టాడు."

దగ్గు తెర వచ్చి ఆగింది.

"పాతవి నేవు, మా చెల్లి అన్నీ ఆపించీసింది, కట్టెక్కుదాం రండి అని ఈదంతా అరిసేనే. ఒక్కరు ఇన్నేదు. 'నీ చెల్లేటి సెప్పేది, పుట్టినకాడినుంచీ మాకు తెల్దా ఇమానం గాలి' అన్నాడు దాలినాయుడు తాత. ఇమానాల మీద ఇమానాలు వత్తన్నాయి కదే, ఎవలు నమ్ముతారు? మీ బావ సెయ్యి పట్టుకుని లాగేను. ఇదిలించీసాడు. 'నువ్వు ఎల్లు, ఇంకొక్కటి సూసి వచ్చేత్తాను' అన్నాడు."

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారు. ఆ ఉదయం పల్లపు ఇళ్లలో ఉలిపికట్టె ఒక్కటే బతికి బయటపడింది, ఆమె వెనక పరిగెత్తిన కొందరు కుర్రపిల్లల తల్లులు తప్ప. విషం మెరక ఇళ్లదాకా ఎక్కలేదు. చనిపోయినవాళ్లు అరవై ఒక్కమంది. దాలినాయుడు అందులో ఉన్నాడు. మాస్కులు పెట్టుకుని లోపలికి వెళ్లిన ఫైర్‌మెన్ ఒక సంగతి చెప్పారు. పరిగెడుతూ పడిపోయినవాళ్లు చాలా తక్కువ. ఎక్కువమంది అరుగుల మీద గోడకి ఆనుకుని, మొహాలు పైకెత్తి ఉన్నారు. కంట్రోల్ టవర్ రికార్డు ప్రకారం విషం దిగిన నలభై నిమిషాల్లో లోవపేట మీదుగా ముప్ఫై ఎనిమిది విమానాలు దిగాయి. అన్నీ వేళకే దిగాయి.

విచారణ కమిటీ వేశారు. ఫ్యాక్టరీ తరఫు లాయరు మర్యాదస్తుడు, గొంతు పెంచకుండా మాట్లాడాడు. "మా వాల్వు పధ్నాలుగేళ్లుగా అప్పుడప్పుడూ లీకవుతూనే ఉంది, దాచడం లేదు. ఒక్కరికీ ఏమీ కాలేదు. మరి ఈసారి ఏం మారింది? మా వాల్వు మారలేదు. విమానం మారింది." గదిలో అందరూ వరహాలమ్మ వైపు తిరిగారు. నోట్‌బుక్ ఆమె సంచీలో ఉంది.

ఫ్యాక్టరీ మూస్తే నగరానికి తాగునీళ్లలో కలిపే మందు ఉండదన్నారు. లోవపేటని తరలించడానికి స్థలం లేదన్నారు. వారం రోజులు తలలు బద్దలుకొట్టుకుని కమిటీ ఒక ఉపాయం కనిపెట్టింది. షెడ్డులో ఉన్న పాత విమానాన్ని బయటికి తీసి, ప్రయాణికులు లేకుండా, ఇరవై నిమిషాలకోసారి లోవపేట మీద తక్కువ ఎత్తులో తిప్పాలి. గాలి కోసం. దాని రెక్కలకు మామూలుకంటే పెద్ద సుడి పుట్టేలా కొత్త కొసలు తయారుచెయ్యాలి. సుడిగాలి గురించి ఈ దేశంలో వరహాలమ్మ కంటే ఎక్కువ తెలిసినవాళ్లు ఎవరు?

"ఇది పిచ్చి సార్" అంది ఆమె సేనాపతిగారితో, కారిడార్లో. "రోజంతా ఖాళీ విమానం తిప్పితే గద్దవేళ్లు ఈ ఎయిర్‌పోర్టులో మిగిల్చిన ఇంధనంలో సగం దానికే పోతుంది. ఆ వాల్వు మార్పించండి. ఫ్యాక్టరీని కొండ అవతలకి పంపించండి."

సేనాపతిగారు మంచి మనిషే. ఆమె భుజం మీద చెయ్యి వేశారు. "మన సంస్థ విమానాల సంస్థ అమ్మా. మనల్ని అడిగింది గాలి గురించి. ఫ్యాక్టరీ సంగతి మనకు సంబంధం లేదు."

ఆ చివరి మాట ఆమెకు కొత్త కాదు. తన చేతిరాతలోనే ఉంది. వెళ్లి పని మొదలుపెట్టింది. చెయ్యకపోతే రేపు ఇంకో ఉదయం ఇంకో అరవైమంది అరుగుల మీద కూర్చుంటారు. గద్దవేలు తయారవడానికి తొమ్మిదేళ్లు పట్టింది. అది చేసిన పనిని చెడగొట్టే రేకుముక్కకి మూడు వారాలు చాలింది.

మొదటి రోజు వరహాలమ్మ లోవపేటలోనే ఉంది. మళ్లీ అదే పెరడు, అదే పొగడబ్బా. మిగిలిన జనం అరుగుల మీద కూర్చుని ఉన్నారు. ఖాళీ విమానం పెద్ద రొదతో నెత్తిమీదుగా పోయింది. ఎర్నమ్మ లెక్క మొదలుపెట్టింది. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆమె గొంతు అలాగే ఉండిపోయింది. వీధిలో ఒక్కొక్కరే అందుకుని, పదిహేనుకల్లా అందరూ లెక్కపెడుతున్నారు.

ముప్ఫై దగ్గర గాలి దిగింది.

ఈల వేసుకుంటూ దిగింది. పొగ మెలితిరిగి చెదిరిపోయింది. అరుగుల మీద ఎవరో గట్టిగా ఊపిరి పీల్చుకుని, "వచ్చింది తల్లీ" అని దండం పెట్టారు. వెంటనే పైన టపటపా చప్పుడు. కప్పు అంచున ఒక పెంకు లేచి, గాల్లో బొంగరంలా తిరిగి, అక్కాచెల్లెళ్లిద్దరి మధ్యా పడి ముక్కలైంది.

ఎర్నమ్మ ఆ ముక్కల్ని చాలాసేపు చూసింది. ఎర్నమ్మ పలుగు తెచ్చి, పెరట్లో మొగుడు కట్టిన చప్టాలోంచి ఒక రాయిని పెకలించింది. మట్టి దులిపి చెల్లెలి చేతికిచ్చింది.

"నిచ్చెనెక్కు. పెట్టడానికి మీ బావ నేడు కదా."

వరహాలమ్మ చెప్పులు విప్పి నిచ్చెనెక్కింది. కింద ఎర్నమ్మ ఇంకో రాయి పెకలిస్తూ, తలెత్తకుండానే అంది:

"బేగి కానీ. ఆ ఇమానం మళ్లీ వచ్చిందంటే, ముప్ఫై లెక్కెట్టీలోగా దిగిపోవాల."