ఆరు గంటల ఓటు

"ఆరింటికి సభలో ఓటింగు కదా, కెప్టెన్ గారూ! మీరిక్కడేం చేస్తున్నట్టు?" తడిసి ముద్దై వచ్చిన లయొనెల్‌ని చూసి వినిఫ్రెడ్ నవ్వాపుకుంది.

లయొనెల్ హాజర్లీ ప్రభువుల ఇంటి రెండో కొడుకు. ఆరేళ్ళు అశ్వదళంలో చేసి, ఈ మధ్యే పార్లమెంటుకి ఎన్నికయ్యాడు. ఫిరంగుల మీదికి గుర్రాన్ని ఉరికించిన మనిషికి ఈ గుమ్మం దాటడానికే ఎక్కువ ధైర్యం కావాల్సొచ్చింది. రేపు పొద్దున్నే వినిఫ్రెడ్ ఏడాదిపాటు మేనత్త దగ్గర ఉండడానికి ఇటలీ వెళ్ళిపోతోంది. పెళ్ళి మాట ఇవాళే అడగాలి.

"అవతలి పార్టీ ఆయనతో మాట అనుకున్నాను. ఆయనా ఓటెయ్యడు, నేనూ వెయ్యను. చెల్లుకు చెల్లు."

"ఎవరా మహానుభావుడు?"

"మీ నాన్నగారే!" అన్నాడు లయొనెల్ గర్వంగా. "కాలు నొప్పి, ఇంటికి పోవాలన్నారు. జోడీ ఎవరూ దొరకలేదట. మంచి చేసుకుందామని నేనే ఒప్పుకున్నాను."

"ఇంటికా? ఏ ఇంటికి?"

అప్పుడు వెలిగింది లయొనెల్‌కి. బయట బండి ఆగిన చప్పుడు.

సర్ ఆంబ్రోస్ కుంటుకుంటూ వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. "నువ్వా! మీ పార్టీవాడు నా గడప తొక్కకూడదన్నానా, లేదా? నడు బయటికి!"

లయొనెల్ టోపీ అందుకున్నాడు.

"తరిమితే తిన్నగా సభకే పోతారు నాన్నా," అంది వినిఫ్రెడ్ అమాయకంగా. "మీ ఓటేమో ఇక్కడ కాలు చాపుకుని కూర్చుంటుంది."

సర్ ఆంబ్రోస్ గడియారం చూశాడు. అయిదుంపావు.

"కూర్చోవయ్యా. టీ తాగు. వినీ, ఆరయ్యేదాకా ఈ మనిషిని కదలనివ్వకు!"

లయొనెల్ కప్పు అందుకున్నాడు. ఒక గుక్క తాగి, కింద పెట్టేశాడు.

"సర్, మీరు మెడపట్టి గెంటినా నేను ఓటెయ్యను. మాటిచ్చాను. పొమ్మంటే ఇప్పుడే పోతాను."

"అయ్యో, ఎవరు చెప్పమన్నారు మిమ్మల్ని?" వినిఫ్రెడ్ నెత్తి కొట్టుకుంది.

ముసలాయన అతన్ని ఎగాదిగా చూశాడు. తర్వాత కుర్చీని కిటికీ వైపు తిప్పుకున్నాడు.

"నాకు కాసేపు వాన చూడాలనుంది. మీరేదో మాట్లాడుకోండి."

ఆరు కావస్తుండగా లయొనెల్ అడిగాడు. మూడు రోజులు అద్దం ముందు వల్లించిన ప్రసంగంలో నోటికొచ్చింది ఒకే ఒక్క వాక్యం.

"ఏడు పెట్టెలు సర్దాను," అంది వినిఫ్రెడ్, ఎర్రబడిన మొహాన్ని పక్కకి తిప్పుకుని. "తాళ్ళన్నీ మీరే విప్పాలి మరి."

లయొనెల్ ఎగిరి గంతేశాడు. కప్పు దొర్లింది.

"నాన్నా, ఇక మీ ఓటే మిగిలింది."

"నా ఓటా? ఇవాళ వెయ్యనని ఇతనికే మాటిచ్చానే!"

లయొనెల్ మొహం వాడిపోయింది. గోడ గడియారం ఆరు కొట్టడం మొదలుపెట్టింది. ఆరో గంట మోగేదాకా ఆగి, సర్ ఆంబ్రోస్ వాన మీంచి చూపు తిప్పకుండానే చేతికర్ర పైకెత్తాడు.

"నాది అవుననే."