పదకొండు చెప్పిన సాక్ష్యం

అక్కను ఆమె ఆఫీసు కుర్చీలోనే కాల్చి, ఆమె తయారుచేసిన లాకును ఎత్తుకుపోయారు. ఇప్పుడు విదేశీ ముఠా ఆ లాకునే టైమర్ బాంబుకు బిగించి, ఊరంతటికీ నీళ్లిచ్చే పంప్‌హౌస్‌లో పెట్టింది. పది అంకెల సంఖ్య కొడితే ఆగుతుంది. ఒక్క అంకె తప్పినా పేలుతుంది.

ఆ సంఖ్య తెలిసింది ముఠాలో కూడా ఒక్కరికే. అందరూ మేడమ్ అంటారు. రెండు పడవల మీద కాళ్లు పెట్టి కూడా హైహీల్స్ తడవనివ్వని అందగత్తె, డబుల్ ఏజెంట్. అక్కను కాల్చింది ఆమే. ఇప్పుడు డిపార్ట్‌మెంటు చేతికి చిక్కింది.

"సంఖ్య చెబితే వదిలేస్తామని మాటిచ్చాం," అన్నాడు చీఫ్. "ఆమె మీద చెయ్యి పడకూడదు. నా ఆర్డర్ లేనిదే చీమైనా కుట్టకూడదు. అర్థమైందా?"

చీమ అర్థమైందన్నాడు. చిన్నప్పుడు అక్క పెట్టిన ఆ ముద్దుపేరే డిపార్ట్‌మెంటులో అతని కోడ్‌నేమ్. లోపల్లోపల మాత్రం పళ్లు నూరుకున్నాడు.

పంప్‌హౌస్‌కు దూరంగా ఆపిన కారులో మేడమ్ సంఖ్య చెప్పింది: 4712650326. చీమ అంకెలన్నీ కూడాడు. ముప్పై ఆరు. అంటే తొమ్మిదితో భాగిస్తే శేషం రాదు. అక్క సంఖ్యలన్నీ అంతే.

"మీ అక్క లెక్కేగా," నవ్వింది మేడమ్. "సరిపోయిందా ఏజెంటు గారూ?"

జనాన్ని ఖాళీ చేయిస్తే ముఠా రిమోట్ నొక్కేస్తుంది. అందుకే చీమ ప్లంబర్ వేషంలో వెళ్లాడు. లోపల ఆపరేటర్లు ఏమీ తెలియక వాల్వులకు గ్రీజు పూస్తున్నారు.

లాకు ముందు అతని వేలు ఆగిపోయింది. తొమ్మిది లెక్క డిపార్ట్‌మెంటులో అందరికీ తెలుసు. అంకెల్ని ఎటు తారుమారు చేసినా కూడిక మారదు కదా. అందుకే అక్క రెండో కాపలా పెట్టింది, తమ్ముడికి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆమె సంఖ్య పదకొండుకీ లొంగాలి. ఒకటి విడిచి ఒకటి కూడుకుంటూ పోతే రెండు మొత్తాలూ సమానంగా రావాలి.

కూడాడు. ఒకటి పదమూడు, రెండోది ఇరవై మూడు.

అక్కను మింగింది చాలక తననూ మింగాలని చూసింది. ఒళ్లు మండిపోయింది. వెనక్కి వెళ్లి పీక నులిమేయాలనిపించింది. కానీ టైమర్‌లో సెకన్లే మిగిలాయి.

చేయి తిరిగిన అబద్ధాలకోరు నిజాన్ని ఎక్కువ కదపదు. పక్కపక్కనున్న రెండంకెల్ని మార్చి ఉంటుంది, అంతే. మొత్తాల తేడా పది. పెద్దదాంట్లోంచి ఐదు తగ్గి చిన్నదాంట్లో ఐదు కలవాలి. అంటే ఐదు తేడా ఉన్న జంట కావాలి. అలాంటిది ఒక్కటే ఉంది: ఐదు, దాని పక్కన సున్నా. వాటిని అటూఇటూ చేసి 4712605326 కొట్టాడు. చివరి సెకను దగ్గర టైమర్ ఆగింది.

తిరిగొచ్చిన అతన్ని చూసి మేడమ్ మొహంలో నెత్తురు చుక్క లేదు. చీమ ఆమె చెవి దగ్గరికి వంగాడు. ఆ జూకాలో ముఠా మైక్ ఉందని అతనికి మొదటినుంచీ తెలుసు.

"థాంక్స్ మేడమ్," అన్నాడు స్పష్టంగా. "మీరు చెప్పిన నంబరు కరెక్టే. బాంబు ఆగిపోయింది. ఇక మీరు వెళ్లొచ్చు."

మాటిచ్చినట్టే కారు డోర్ తెరిచి పట్టుకున్నాడు. ఆమె దిగలేదు. తనను అరెస్టు చేయమని బతిమాలింది, జైలైనా ఫరవాలేదంది. అక్కకు బతిమాలే వ్యవధి కూడా ఇవ్వలేదు కదా అనుకున్నాడు చీమ. అతని కడుపు చల్లబడింది. రోడ్డు చివర ఒక వ్యాను వచ్చి ఆగింది.

ఆమె మీద చెయ్యి చేసుకోలేదు కదా అని చీఫ్ ఫోన్‌లో అడిగాడు.

"లేదు సార్," అన్నాడు. "చీమైనా కుట్టలేదు."