నూనె వాసన ఆగిన గురువారం

"నీళ్ళొస్తున్నాయ్! కొండెక్కండ్రోయ్!"

వీధి చివర పక్కింటి జుమాష్ కేక. ఆ వెనకే సైరన్ మోత. కుబాత్ టీ గిన్నె కింద పెట్టి కిటికీలోంచి చూశాడు. చంటిపిల్లల్ని చంకనేసుకున్న ఆడవాళ్ళు, గుర్రాల మీద ముసలాళ్ళు... ఊరు ఊరంతా కొండవైపు పరుగో పరుగు. ఏరు మాత్రం ఎప్పట్లాగే గులకరాళ్ళ మీద తన పాటికి తను గొణుక్కుంటూ పోతోంది. వరదా లేదు, పాడూ లేదు.

మళ్ళీ ఉత్తుత్తి కూతే!

కాసేపటికి జుమాష్ రొప్పుకుంటూ గుమ్మంలోకొచ్చాడు. "ఏమయ్యా ఇంజనీరల్లుడూ, ఈ నెల్లో ఇది మూడోసారి. మా ఆవిణ్ణి వీపున మోసుకెళ్ళాను. ఆవిడ బరువు నీకేం తెలుసు! ఇంకోసారి నీ సైరను గొంతు చించుకున్నా ఊళ్ళో ఒక్కడు కదిలితే నా చెవి కోసిస్తా."

నవ్వుతూనే అన్నాడు గానీ ఆ మాట కుబాత్ గుండెలో ముల్లై దిగింది. పైన మంచుకొండ కింద సరస్సు ఈ ఎండలకి నిండు చూలాలిలా ఉంది. ఏదో ఒకరోజు గట్టు తెగుతుంది. ఆ రోజు సైరన్ నిజమే చెప్తే, ఊరు నమ్మకపోతే? వెనకటికోసారి తెగినప్పుడు అతనికి పిల్లనిచ్చిన మామ నుర్గాజీ, పైన గడ్డి కోతకెళ్ళిన మిగతావాళ్ళూ అందరూ కొట్టుకుపోయారు. ఒక్క శవమూ దొరకలేదు.

అందుకే సరస్సు గట్టున, వంతెన దగ్గర, ఆఖరికి తనుంటున్న అత్తారింటి గడప కింద కూడా నేల అదురు పట్టే సెన్సర్లు పాతాడు. అవి పంపే కబుర్లన్నీ అరచేతిలో ఇమిడే ఓ ఎఫ్‌పీజీఏ చిప్పు బోర్డుకి చేరతాయి. అది వాటిని అంకెలు చేసి యూఎస్‌బీ తీగలోంచి కంప్యూటర్‌కి పంపాలి. బోర్డు బంగారం, కంప్యూటరూ బంగారమే. మధ్య దారే దొంగలపాలు! కొన్ని అంకెలు దారిలో మాయం, మిగిలినవి ఒకదాని మీదొకటి పడి పెద్ద అదురులా కనబడ్డం. సైరన్ పాపం ఏం చేస్తుంది, కూస్తుంది.

తీగ మార్చాడు. పోర్టు మార్చాడు. డ్రైవర్ మళ్ళీ ఎక్కించాడు. ఊహూఁ. చివరికి సెన్సర్ల సంగతి పక్కనబెట్టి, ఒకటి, రెండు, మూడు అంటూ వట్టి లెక్క పంపమన్నాడు బోర్డుని, బడిపిల్లాడి చేత ఎక్కాలు అప్పజెప్పించినట్టు. కాసేపు చక్కగా అప్పజెప్పింది, గభాలున తడబడింది. తడబడిన ప్రతిసారీ పైన బల్బు ఓ రెప్ప వేస్తోంది. వంటింట్లో 'టిక్' మంటోంది.

కరెంటు పొయ్యి!

కూసిన మూడుసార్లూ గురువారాలే. అత్తగారు బూబుసారా ప్రతి గురువారం పోయినవాళ్ళ పేరున పిండి ముక్కలు నూనెలో వేయిస్తుంది. ఇవాళ ఊరితోపాటు కొండెక్కి దిగొచ్చి, మళ్ళీ మూకుడు పెట్టింది.

"అత్తమ్మా, ఆ పొయ్యి ఆపు."

"నూనింకా కాగనేలేదయ్యా. వాసనే కదా వాళ్ళకి భోజనం. పస్తు పెట్టమంటావా?"

"ఈ ఒక్క వారం. ముందు బతికున్నోళ్ళ సంగతి చూడనీ."

"బతికున్నోళ్ళు అలిగితే బతిమాలుకోవచ్చు అల్లుడూ..."

"ఆపేయవే అమ్మా," అంది అతని భార్య అసిల్కాన్. "ఆయన మొహం చూడు, ఎండబెట్టిన జున్నుండలా ఉంది."

పొయ్యి ఆరింది. లెక్క ఒక్క అంకె తప్పలేదు. కుబాత్ గంతేశాడు. సెన్సర్లు తగిలించి, లెక్కని కూడా పక్కనే నడవనిచ్చి, సాక్ష్యానికి జుమాష్‌ని కేకేశాడు. తెరమీద గీతలు నిద్రపోతున్న పిల్లుల్లా పడున్నాయి.

లోయలో పొద్దు తొందరగా వాలుతుంది. కొండనీడ వీధినంతా మింగేసింది. గదిలో చల్లారిన నూనె కంపు. కుక్కలెందుకో అన్నీ ఒక్కసారిగా నోరు మూశాయి.

పై గీత కదిలింది. టుక్... టుక్... టుక్...

"గొర్రెలై ఉంటాయి," అన్నాడు జుమాష్.

"గొర్రె రెండు కాళ్ళ మీద నడుస్తుందా మామా?"

సరస్సు గట్టు మీద అడుగులు. ఒకరివి కావు. కుబాత్ లెక్క చూశాడు. ఒక్క అంకె పోలేదు. ఒక్కటీ తారుమారు కాలేదు. దారి శుభ్రంగా ఉంది. అంటే... వస్తున్నది నిజమే.

గట్టు గీత సద్దుమణిగింది. వంతెన గీత లేచింది. అంత దూరం... ఇంతలోనే?

జుమాష్ కిటికీకి మొహం ఆనించాడు. వంతెన కనబడుతూనే ఉంది.

"ఎవరూ లేరు," గుసగుసగా అన్నాడు. "అల్లుడూ... అక్కడెవరూ లేరు."

టుక్. టుక్. టుక్.

"ఆకలికి దిగొస్తున్నారు," అంది బూబుసారా. పెరట్లోకి పరిగెత్తింది. రాళ్ళ పొయ్యిలో కట్టెలు అంటించి, ఇనప మూకుడు ఎక్కించి, నూనె కుమ్మరించింది. అసిల్కాన్ పిండి ముక్కలు విసిరింది. నూనె ఇంకా కాగలేదు... ముక్కలు మునిగిపోయాయి.

గడప గీత లేచింది.

టుక్.

అప్పుడు నూనె చుయ్యిమంది. కమ్మటి వాసన గుమ్మం దాకా పాకింది. గీత ఆగింది. నున్నగా, చచ్చిన పాములా పడుకుంది.

బూబుసారా అరచేతులు మొహాన రాసుకుని ప్రార్థన ముగించింది. "రండి. వాళ్ళ పేరున అందరం తినాలి."

నలుగురూ నేల మీద పరిచిన భోజనాల దుప్పటి చుట్టూ కూర్చున్నారు. వేడి వేడి ముక్కలు, తేనె, టీ. జుమాష్‌కి ప్రాణం లేచొచ్చింది. "సైరను చెయ్యడం రాకపోయినా అల్లుడూ, మంచి వంటింట్లో పడ్డావు."

కుబాత్ నవ్వబోయి తెర చూశాడు. గడప గీత సన్నగా వణుకుతోంది. చిన్న చిన్న అలలు.

"అది మన నమలుడేనండీ," అంది అసిల్కాన్. "ఎంత సున్నితమో చూడండి!"

అందరూ హమ్మయ్య అనుకున్నారు. పగలబడి నవ్వారు.

"అయితే ఆపి చూద్దాం," అన్నాడు జుమాష్.

నోట్లో ముక్క నోట్లోనే ఉంచి నలుగురూ ఆపారు. ఊపిరి కూడా బిగబట్టారు.

గీత ఆగలేదు.